పాత ఆల్-ఇన్-వన్ కంప్యూటరు మరమ్మతు: విశాఖ వన్ టౌన్‌లో ఒక కేసు పూర్తి వివరాలు

విశాఖపట్నం వన్ టౌన్‌లో, కురుపాం మార్కెట్‌కు దగ్గరలోని ఒక వీధిలో, ఇంటి దగ్గరే డీటీపీ పని చేసుకుంటున్న ఒక మహిళ వాడే 20 అంగుళాల ఆల్-ఇన్-వన్ (తెర వెనుకే మిగతా భాగాలన్నీ ఇమిడి ఉన్న) కంప్యూటరుకు సంబంధించిన కేసు ఇది. యంత్రం 2013లో కొన్నది. ఇంటెల్ కోర్ ఐ3-3220 ప్రాసెసరు, హెచ్61 చిప్‌సెట్ బోర్డు, రెండు ల్యాప్‌టాప్ రకం ర్యాము స్లాట్లు, 500 జీబీ హార్డ్ డిస్కు, బయట 19 వోల్టుల 90 వాట్ల అడాప్టరు, లోపల 32-బిట్ విండోస్ 7. శుభలేఖలు, గృహప్రవేశం కార్డులు, బురుజుపేట కనకమహాలక్ష్మి అమ్మవారి మార్గశిర మాసోత్సవాల రోజుల్లో కరపత్రాలు ఆవిడ దీని మీదే కంపోజు చేసి ప్రెస్సుకు పంపుతారు. పనంతా పేజ్‌మేకర్ 7.0 అనే పేజీలు కూర్చే ప్రోగ్రాములో, అను అనే తెలుగు ఫాంట్లతో సాగుతుంది.

ఆవిడ చెప్పిన ఇబ్బందులు చాలానే ఉన్నాయి. ఉదయం స్విచ్ వేస్తే పేజ్‌మేకర్ తెరుచుకునేసరికి వంటింట్లో ఒక పని పూర్తవుతోంది. పని మధ్యలో, ముఖ్యంగా ఫొటోలున్న పేజీని పీడీఎఫ్ చేస్తున్నప్పుడు, ఏ హెచ్చరికా లేకుండా యంత్రం ఆరిపోతోంది. కరెంటు పోయి వచ్చిన ప్రతిసారీ తేదీ వెనక్కు వెళుతోంది. వెనుక ఉన్న ఇనుప రేకు మీద చెయ్యి పడితే జివ్వుమంటోంది. అంతకుముందు ఒక దుకాణంలో చూపిస్తే, విప్పకుండానే మదర్ బోర్డు పోయిందని, ఆ కాలం నాటి బోర్డులు ఇక దొరకవని, కొత్తది కొనుక్కోవడమే మేలని చెప్పి పంపేశారు. ఆవిడ నాతో అన్న మాట వేరు. ‘వైశాఖం ముహూర్తాలు దగ్గర పడిపోయాయి బాబూ. నెమ్మదిగా నడిచినా పర్లేదు, నా ఫైళ్లు మాత్రం పోకూడదు.’ ఈ కేసులో పని వరసను నిర్ణయించింది ఆ మాటే.

ఆల్-ఇన్-వన్ యంత్రాలలో చిక్కు ఎక్కడుందంటే, తెర, బోర్డు, డిస్కు, ఫ్యాను అన్నీ ఒకే ఇరుకు డొక్కలో ఉంటాయి కాబట్టి ఒక భాగంలోని లోపం మరో భాగంలోని లోపాన్ని కప్పేస్తుంది. మామూలు డెస్క్‌టాప్‌లో మాదిరిగా పక్క మూత తీసి ఒక్కొక్కటీ పట్టుకుని చూడడం కుదరదు. అందుకే ‘స్లో అయింది, ఎస్‌ఎస్‌డీ వేసేద్దాం’ అని, తిరిగే భాగాలు లేని ఆ వేగమైన డిస్కును నేరుగా కొనడానికి దిగడం నాకు ఇష్టం ఉండదు. వేడెక్కిపోతున్న యంత్రంలో, వోల్టేజీ నిలవని అడాప్టరు మీద కొత్త ఎస్‌ఎస్‌డీ పెడితే, రాతలో ఉండగా కరెంటు తెగిపోయే ప్రమాదాన్ని ఆ కొత్త డిస్కుకూ అంటగట్టినట్టే అవుతుంది. ముందు డేటా, తర్వాత వేడి, ఆ తర్వాత విద్యుత్తు, ఇవి మూడూ కుదుటపడ్డాకే అప్‌గ్రేడు అన్నది నేను పాటించే క్రమం.

డేటాను బయటకు తేవడం

ఆవిడ ఇంట్లోనే, విండోస్‌ను లేపకుండా, పెన్ డ్రైవ్ నుంచి లినక్స్ మింట్ అనే మరో ఆపరేటింగ్ సిస్టమ్ నడిపి, డిస్కు తన ఆరోగ్యం గురించి తానే రాసుకునే స్మార్ట్ వివరాలు చదివాను. ఇందులో ‘హెల్త్ పాస్డ్’ అని వచ్చే ఒక్క ముక్కను నమ్మి ఊరుకోకూడదు. చూడవలసినవి ప్రధానంగా నాలుగు వరసలు: పాడైన చోటికి బదులుగా వేరే చోటు కేటాయించిన సెక్టార్లను (డిస్కు మీది చిన్న గడులను) చూపే 5వ వరస, చదవలేక పెండింగులో ఉన్నవాటిని చూపే 197, సరిదిద్దలేకపోయినవాటిని చూపే 198, డిస్కు కన్నా ఎక్కువగా కేబులును అనుమానించవలసిన 199. ఈ డిస్కులో 199 సున్నా ఉంది కాబట్టి కేబులు బాగానే ఉందనుకోవచ్చు. 5వ వరసలో, 197లో మాత్రం అంకెలు కనిపించాయి. చదవడానికి మొరాయిస్తున్న ప్రతి చోటా డిస్కు పదే పదే ప్రయత్నిస్తుంది, అంతసేపూ విండోస్ దాని కోసం ఎదురుచూస్తుంది. యంత్రం నెమ్మదించడానికి ఒక కారణం అక్కడే దొరికింది.

ఈ దశలో చాలామంది చేసే పని విండోస్‌లో చెక్‌డిస్క్ నడపడం. పోబోతున్న డిస్కు మీద అది చేయకూడదు. చెక్‌డిస్క్ ఫైల్ సిస్టమ్‌ను పొందిక చేయడానికి చూస్తుంది, మీ ఫైళ్లను కాపాడడం దాని పని కాదు. చదవలేని చోట ఉన్న ఫైలును కత్తిరించి, చిరునామా లేని ముక్కలుగా మార్చి పెట్టగలదు. అసలు డిస్కును చదవడం తప్ప దాని మీద ఒక్క అక్షరం కూడా రాయకుండా, ముందు దాని పూర్తి నకలు తీసి, తర్వాత ఏ మరమ్మతైనా ఆ నకలు మీదే చేయాలి.

విండోస్‌ను కొత్తగా ఎక్కించే దారి ఈ కేసులో లేదు. అను, పేజ్‌మేకర్ సీడీలు ఎప్పుడో పోయాయి. అను ఫాంట్లు యూనికోడ్ (అన్ని యంత్రాలకూ ఉమ్మడిగా ఉన్న అక్షర పద్ధతి) కావు కాబట్టి, ఆ ఫాంట్లు లేని యంత్రంలో అదే ఫైలు తెరిస్తే తెలుగుకు బదులు అర్థం లేని ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులు కనిపిస్తాయి. ఆవిడకు కావలసింది ఫైళ్లు ఒక్కటే కాదు, ఆ ఫైళ్లు తెరుచుకునే ఏర్పాటు మొత్తం. అంటే డిస్కును ఉన్నది ఉన్నట్టుగా దించాలి.

డిస్కు తీసి మా ఇంటికి తెచ్చి, యూఎస్‌బీ పెట్టెలో కాకుండా నేరుగా సాటా కేబులుకు (డిస్కును బోర్డుకు కలిపే తీగకు) తగిలించాను. కొన్ని యూఎస్‌బీ అడాప్టర్లు చదవలేని సెక్టారు ఎదురైనప్పుడు మొత్తం డిస్కు సంబంధాన్నే తెంచేస్తాయి. నకలు తీయడానికి డీడీరెస్క్యూ వాడాను. ఈ ప్రోగ్రాము మంచితనం దాని మ్యాప్ ఫైల్లో ఉంది. మొదటి విడతలో సాఫీగా చదవగలిగిన భాగాలన్నీ తీసుకుని, మొరాయించిన చోట్లను దాటుకుంటూ వెళ్లి, వాటిని మ్యాపులో గుర్తుపెట్టుకుంటుంది. తర్వాతి విడతలలో ఆ చోట్లకే తిరిగి వెళ్లి అంచుల నుంచి కొంచెం కొంచెంగా గిల్లుకుంటూ చదువుతుంది. మధ్యలో ఆపినా, కరెంటు పోయినా, మ్యాపు ఉంటే ఆగిన చోటి నుంచే మొదలవుతుంది. నకలును నేరుగా ఎస్‌ఎస్‌డీలోకి కాకుండా ముందు నా దగ్గరున్న పెద్ద డిస్కులోకి ఇమేజి ఫైలుగా (డిస్కు మొత్తం ఒకే ఫైలుగా) దించాను.

చివరకు చదవలేని సెక్టార్లు కొన్ని మిగిలాయి. ‘దాదాపు అంతా వచ్చింది’ అని చెప్పి వదిలేస్తే యజమానికి ఏం పోయిందో తెలియదు. ఏదో ఒక ముహూర్తానికి ముందు రోజు ఆ ఫైలు తెరుచుకోకపోతే అప్పుడు తెలుస్తుంది. డీడీరెస్క్యూలోనే దీనికి ఒక పద్ధతి ఉంది. ఇమేజిలో చదవలేకపోయిన చోట్లన్నింటినీ మనం ఎంచుకున్న ఒక గుర్తు మాటతో నింపించవచ్చు. అప్పుడు ఇమేజి లోపలి ఫైళ్లన్నింటిలో ఆ గుర్తు మాట కోసం వెతికితే, ఏ ఫైళ్లకు దెబ్బ తగిలిందో పేరుతో సహా బయటపడుతుంది. ఇక్కడ ఆ మాట దొరికింది విండోస్ పాత అప్‌డేట్ల తాత్కాలిక ఫైళ్లలో, పేజ్‌మేకర్ ఫైలు ఒక్కదానిలో. అది చాలా ఏళ్ల కిందటి శుభలేఖ. నేను ఫైలు పేరు చదవగానే ఆవిడ అది ఎవరి పెళ్లిదో చెప్పి, అచ్చయిన కార్డు నమూనా బీరువాలో ఉందని అన్నారు. మిగిలిన పని ఫైళ్లన్నీ దెబ్బ తినకుండా వచ్చాయని నేను నిశ్చయంగా చెప్పగలిగింది ఈ వెతుకులాట వల్లే.

ఎస్‌ఎస్‌డీ ఎంపికలో ఒక చిన్న చిక్కు ఉంది, అది చాలామందిని ఇబ్బంది పెడుతుంది. మార్కెట్లో ఎక్కువగా, చౌకగా దొరికేది 480 జీబీ. కానీ 500 జీబీ హార్డ్ డిస్కు నకలు 480లో పట్టదు. ముందుగా పార్టిషన్లు కుదించాలి. చెడిపోయిన డిస్కు ఇమేజి మీద కుదించే పని పెట్టుకోవడం నాకు సమ్మతం కాదు. అందుకని ద్వారకానగర్‌లో 512 జీబీది తీసుకున్నాను. ఇమేజి దానిలో నేరుగా పట్టి, చివర కొంత ఖాళీ కూడా మిగిలింది. చెక్‌డిస్క్ నడిపింది ఈ కొత్త నకలు మీదనే.

వేడి

డేటా భద్రమయ్యాక యంత్రం సంగతి చూశాను. డిస్కు లేకుండానే పెన్ డ్రైవ్ నుంచి నడిపి, ప్రాసెసరు ఉష్ణోగ్రత చూస్తే ఖాళీగా ఉన్నప్పుడే 70 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఉంది. స్ట్రెస్-ఎన్‌జీ అనే పరీక్ష ప్రోగ్రాముతో పూర్తి భారం పెట్టగానే 100 వరకు ఎగబాకింది. ఆ ప్రాసెసరు తరానికి ఇంటెల్ పెట్టిన హద్దు 105. ఆ హద్దును తాకితే ప్రాసెసరు తన వేగాన్ని తానే తగ్గించుకుంటుంది, ఇది దానికి అంత దగ్గరలో ఉంది కాబట్టి యంత్రం నెమ్మదించడానికి ఇది రెండో కారణం కావచ్చు.

విప్పే విధానం గురించి కొంత వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఆల్-ఇన్-వన్ యంత్రాలు ఎక్కువగా చెడేది విప్పేటప్పుడే. అడాప్టరు పీకి, పవర్ బటన్ కొన్ని సెకన్లు నొక్కి మిగిలిన విద్యుత్తు పోనిచ్చాను. మడతపెట్టిన దళసరి దుప్పటి మీద తెరను బోర్లా పడుకోబెట్టాను. దుప్పటి కింద ఒక్క స్క్రూ ఉన్నా తెర మీద మచ్చ శాశ్వతంగా మిగిలిపోతుంది కాబట్టి ముందు బల్లను చేత్తో తడిమి చూడాలి. ఈ నమూనాలో స్టాండు మూత కింద రెండు స్క్రూలు, కింది అంచున మరి కొన్ని ఉన్నాయి. అవి తీశాక వెనుక మూత కొక్కేల మీద నిలుస్తుంది. ఇనుప స్క్రూడ్రైవరు దూర్చితే ప్లాస్టిక్ నొక్కుకుపోతుంది, లోపలి తీగ తెగుతుంది. పాత ఏటీఎం కార్డు చాలు. కింది అంచు నుంచి మొదలుపెట్టి, కొక్కెం టక్కుమన్న చప్పుడు విని, తర్వాతిదానికి జరగాలి. మూత వచ్చేసిందని ఒక్కసారిగా ఎత్తకూడదు, స్పీకరు తీగ దానికే అంటుకుని ఉంది. ప్రతి దశలోనూ ఫోనుతో ఫొటో తీసుకుని, స్క్రూలను తీసిన వరసలోనే కాగితం మీద గీసిన బొమ్మలో వాటి చోట్లలో అతికించుకున్నాను. పొట్టి స్క్రూ ఉండవలసిన చోట పొడుగుది బిగిస్తే, అది అవతలి తెర వెనుక భాగాన్ని గుచ్చుతుంది.

లోపల ఫ్యాను బాగానే తిరుగుతోంది. గాలి మాత్రం ఎక్కడికీ పోవడం లేదు. ఫ్యానుకూ, ప్రాసెసరు వేడిని లాగి వదిలే హీట్ సింక్ రేకులకూ మధ్య, బయటికి కనిపించని చోట, రేకుల ముఖం పొడవునా నల్లగా, మందంగా, తడి తగిలి ఆరిన గొంగళి ముక్కలా ధూళి పేరుకుపోయింది. వన్ టౌన్ ఇళ్లలో కిటికీ చువ్వ మీద వేలు పెడితే అంటుకునే ఆ నల్లని మెత్తని పొడే ఇది. లోతట్టు ఊళ్లలో ధూళి పొడిపొడిగా ఉంటుంది, ఊదితే పోతుంది. మన దగ్గర దానికి సముద్రపు గాలిలోని ఉప్పు తోడవుతుంది. గాలిలో తేమ 75 శాతం దాటితే ఉప్పు తనంత తాను ఆ తేమను పీల్చి కరగడం మొదలుపెడుతుంది, తీరంలో ఆ స్థాయి తేమ మనకు మామూలే. అలా తడిసిన పొడి రేకుల మీద అంటుకుని, ఆరి, మళ్లీ తడిసి పొరలు పొరలుగా గట్టిపడుతుంది. బయటి నుంచి బ్లోయరు కొడితే ఆ పొర కదలదు, కదిలినా లోపలికే నెట్టుకుపోతుంది. ఫ్యాను విప్పి, రేకులను విడిగా బయటకు తీసి, మెత్తని బ్రష్షుతో, 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాలుతో శుభ్రం చేశాను. ఈ పని మూతికి మాస్కు కట్టుకుని ఆరుబయట చేయాలి. ఫ్యానుకు గాలి కొట్టేటప్పుడు రెక్కను వేలితో పట్టుకోవాలి, లేకపోతే ఉండవలసిన వేగానికి మించి తిరిగి బేరింగు దెబ్బతింటుంది.

ప్రాసెసరు మీది, వేడిని హీట్ సింక్‌కు దాటించే థర్మల్ పేస్టు ఎండి పెళుసుగా రాలింది. పాతది పూర్తిగా తుడిచి, మధ్యలో శనగ గింజంత కన్నా తక్కువగా కొత్త పేస్టు పెట్టి, హీట్ సింక్ స్క్రూలను ఎదురెదురు మూలల వరసలో కొంచెం కొంచెంగా బిగించాను. చిప్‌సెట్ మీద ఉన్న ప్యాడ్‌కు బదులుగా అదే మందం ఉన్న ప్యాడ్ వేశాను. అక్కడ పేస్టు పెడితే మధ్యలో ఖాళీ మిగిలి వేడి దాటదు. మళ్లీ పెన్ డ్రైవ్ నుంచి నడిపి చూస్తే, ఏసీ లేని గదిలో, ఖాళీగా 44 డిగ్రీలు, పూర్తి భారంలో 68 వచ్చాయి.

తీరప్రాంతపు మరో గుర్తు ర్యాము దగ్గర కనిపించింది. స్లాట్లలో 2 జీబీవి రెండు ఉన్నా బయోస్ (విండోస్ కన్నా ముందు లేచే బోర్డు ప్రోగ్రాము) 2 జీబీ మాత్రమే చూపిస్తోంది. రెండో దాని బంగారు పూత పళ్ల మీద పచ్చని మచ్చలు ఉన్నాయి. పెన్సిలు రబ్బరుతో రుద్దే అలవాటు మనలో చాలామందికి ఉంది, కానీ ఆ పూత చాలా పలచన, రబ్బరు పొడి స్లాటులో పడుతుంది. ఆల్కహాలులో ముంచిన పోగులు రాలని గుడ్డతో తుడిచి, స్లాటును బ్రష్షుతో శుభ్రం చేశాక 4 జీబీ కనిపించింది. తేదీ వెనక్కు వెళ్లడానికి కారణం వెతకనక్కర్లేదు, 3 వోల్టులు ఇవ్వవలసిన సీఆర్2032 సెల్లు 2 వోల్టుల దగ్గరే ఉంది.

విద్యుత్తు

వేడి తగ్గాక యంత్రం ఆరిపోవడం కూడా ఆగుతుందని అనుకోవడం సహజం. కానీ ఈ యంత్రం 68 డిగ్రీల దగ్గర, పూర్తి భారంలో ఉండగా మళ్లీ ఆరిపోయింది. విండోస్‌లో జరిగినవి నమోదయ్యే ఈవెంట్ వ్యూయరులో కనిపించే కెర్నెల్-పవర్ 41 అన్న నమోదు ఇలాంటప్పుడు కారణం చెప్పదు. సరిగ్గా షట్‌డౌన్ కాకుండా యంత్రం ఆగిందని మాత్రమే అది చెబుతుంది. వేడి వల్ల ఆగినా, అడాప్టరు వల్ల ఆగినా, గోడ దగ్గర ప్లగ్ పీకినా అదే నమోదు పడుతుంది.

వెనుక మూత తీసే ఉంది కాబట్టి, మల్టీమీటరు మొనలను బోర్డు మీద అడాప్టరు జాక్ అతుకుల దగ్గర పెట్టి చూశాను. ఖాళీగా 19.3 వోల్టులు. భారం పెట్టగానే 17 కన్నా కిందికి జారి, అక్కడ కూడా నిలవకుండా ఊగింది. 19 వోల్టుల అడాప్టరు 5 శాతం అటూ ఇటూ, అంటే 18 నుంచి 20 మధ్య నిలవాలి. అడాప్టరును బయటికి తీసి ఖాళీగా కొలిచి ‘19 వస్తోంది, బాగానే ఉంది’ అని తేల్చేయడం వల్లే ఇలాంటి యంత్రాలకు బోర్డు పోయిందన్న పేరు పడుతుంది. కొత్త అడాప్టరుకు వోల్టేజీ సరిగ్గా అంతే ఉండాలి, ఆంపియర్లు 4.74కు తగ్గకూడదు, ఎక్కువైతే నష్టం లేదు. పిన్ను లావూ లోపలి రంధ్రమూ సరిపోవాలి. అది పెట్టాక భారంలో 19 కన్నా కిందికి దిగలేదు. గంటల తరబడి స్ట్రెస్ నడిపినా యంత్రం ఆగలేదు.

జివ్వుమనడం సంగతి యంత్రానిది కాదు, ఇంటిది. అడాప్టరు తీగకు మూడు పిన్నులు ఉన్నాయి, దాన్ని గుచ్చిన ఎక్స్‌టెన్షన్ బోర్డుకు మాత్రం రెండు పిన్నుల ప్లగ్. ఎర్త్ లేనప్పుడు అడాప్టరు లోపలి ఫిల్టరు కెపాసిటర్ల గుండా చాలా స్వల్పమైన కరెంటు ఇనుప భాగాలకు చేరుతుంది. గోడ సాకెట్టు ఎర్త్‌కూ వెనుక రేకుకూ మధ్య కొలిస్తే 90 వోల్టుల పైగా ఏసీ చూపింది. ప్రాణానికి ముప్పు కలిగించేంత కరెంటు కాదు కానీ, పెన్ డ్రైవ్ గుచ్చేటప్పుడు, ప్రింటరు తీగ తగిలించేటప్పుడు యూఎస్‌బీ పోర్టులకు అది మంచిది కాదు. మూడు పిన్నుల మంచి ఎక్స్‌టెన్షన్ బోర్డు మార్చగానే ఆ కొలత దాదాపు సున్నా అయింది. కంప్యూటరు మరమ్మతుకు వెళ్లినవాళ్లు గోడ సాకెట్టులో ఎర్త్ ఉందో లేదో చూడడం తమ పని కాదనుకోకూడదని నా గట్టి అభిప్రాయం.

ఏది పెంచాలి, ఏది పెంచకూడదు

ఎస్‌ఎస్‌డీ గురించి ఆవిడ మేనల్లుడు ఒక సందేహం లేవనెత్తాడు. హెచ్61 చిప్‌సెట్‌లో ఉన్నవి సెకనుకు 3 గిగాబిట్ల సాటా పోర్టులే కదా, 500 మెగాబైట్ల పైన చదివే ఎస్‌ఎస్‌డీ ఇందులో సగం వేగంతోనే నడుస్తుంది కదా అని. అది నిజమే, కొలిస్తే 270 దగ్గర వచ్చింది. అయితే మనకు అనుభవంలోకి వచ్చే వేగం పెద్ద ఫైలును వరసగా చదివే వేగం కాదు. విండోస్ లేచేటప్పుడు, వందల ఫాంట్లను పేజ్‌మేకర్ వెతుక్కునేటప్పుడు, డిస్కు అంతటా చెల్లాచెదురుగా ఉన్న చిన్న చిన్న ముక్కలను చదవాలి. నిమిషానికి 7200 చుట్లు తిరిగే హార్డ్ డిస్కులో ఒక చుట్టుకే 8.3 మిల్లీసెకన్లు పడుతుంది. తల కదిలే సమయమూ కలిపితే సెకనుకు ఎనభై వరకు ముక్కలు చదవడమే గొప్ప. ఎస్‌ఎస్‌డీ పాత సాటా మీద కూడా వేలల్లో చదువుతుంది. మార్చాక పేజ్‌మేకర్ తెరుచుకునేదాకా, స్విచ్ వేసినప్పటి నుంచి, నిమిషం లోపే పట్టింది. 3.5 అంగుళాల డిస్కు చోటులో 2.5 అంగుళాల ఎస్‌ఎస్‌డీ వదులుగా వేలాడకుండా ఇనుప బ్రాకెట్టుతో బిగించాను. బయోస్‌లో సాటా పద్ధతి (డిస్కుతో యంత్రం మాట్లాడే తీరు) కొత్తదైన ఏహెచ్‌సీఐలోనే ఉంది. పాతదైన ఐడీఈలో ఉండి ఉంటే, విండోస్ 7లో ముందుగా ఆ డ్రైవరును సిద్ధం చేయకుండా మారిస్తే నీలి తెర వచ్చి ఆగిపోతుంది.

ప్రాసెసరును ఐ5-3470కి మార్చవచ్చా అన్న ప్రశ్నకు నేను వద్దనే చెప్పాను. సాకెట్టు ఒకటే, పడుతుంది. కానీ ఐ3-3220 తినేది 55 వాట్లు, అది 77 వాట్లు. ఈ డొక్క, ఈ హీట్ సింక్, ఈ 90 వాట్ల అడాప్టరు తెరను కూడా పోషిస్తూ ఆ అదనపు భారాన్ని మోయడానికి ఉద్దేశించినవి కావు. శుభలేఖ కంపోజింగులో దాని వల్ల ఒరిగేదీ లేదు.

ర్యాము విషయం విండోస్ 7 మీద ఆధారపడింది. 32-బిట్ విండోస్ 4 జీబీని మించి చూడలేదు, అందులోనూ కొంత భాగం హార్డ్‌వేరు చిరునామాలకు పోతుంది. పేజ్‌మేకర్ 2001 నాటి ప్రోగ్రాము, దానికి 4 జీబీ సమృద్ధి. కాబట్టి విండోస్ కోసమైతే ర్యాము మీద ఒక్క రూపాయి కూడా పెట్టనక్కర్లేదు. అయినా 4 జీబీవి రెండు వేశాను, అది ఇంటర్నెట్ కోసం.

విండోస్ 7కు మైక్రోసాఫ్ట్ భద్రతా అప్‌డేట్లు 2020 జనవరి 14తో ఆగిపోయాయి. ఆ విండోస్‌తో వాట్సాప్ వెబ్, మెయిలు, బ్యాంకు పనులు చేయడం ఎవరికీ మంచిది కాదు. విండోస్ 10కి కూడా మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. విండోస్ 11 ఇంటెల్ ఎనిమిదో తరం ప్రాసెసరును, టీపీఎం 2.0 అనే భద్రతా చిప్పును అడుగుతుంది, ఇది మూడో తరం. అందువల్ల ఒకే డిస్కులో రెండు ఏర్పాట్లు చేశాను. విండోస్ 7ను ఉన్నది ఉన్నట్టు ఉంచి, అందులో ల్యాన్, వైఫై పరికరాలను డివైస్ మేనేజరులో నిలిపేశాను. అది ఇక కంపోజింగుకు మాత్రమే. డీ డ్రైవును తగ్గించి, డిస్కు చివరి ఖాళీని కలిపి, 2029 వరకు అప్‌డేట్లు ఉన్న లినక్స్ మింట్ 22ను ఎక్కించాను. పీడీఎఫ్‌ను డీ డ్రైవులో పెట్టి, మింట్‌లోకి వెళ్లి అక్కడి నుంచి ప్రెస్సుకు పంపడం ఆవిడ పద్ధతి. ఈ పార్టిషన్లు కదిపిన పని కూడా అసలు ఇమేజి నా దగ్గర భద్రంగా ఉన్నాకే, చెక్‌డిస్క్ శుభ్రంగా పాసయ్యాకే చేశాను. యంత్రాన్ని ప్రతిసారీ మార్చి లేపాలా అని మొదట ఆవిడ కొంచెం నొచ్చుకున్నారు, కానీ ఎస్‌ఎస్‌డీ మీద ఆ మార్పుకు పట్టే సమయం పాత డిస్కులో ఒక ఫైలు తెరవడానికి పట్టినంత కూడా లేదు.

ఖర్చు, తర్వాతి పరిశీలన

అప్పటి ధరల్లో ఎస్‌ఎస్‌డీకి రూ.3,200, ర్యాముకు రూ.1,400, అడాప్టరుకు రూ.1,100, పేస్టు, ప్యాడ్, సెల్లు, బ్రాకెట్టు కలిపి రూ.650 అయ్యాయి. విడిభాగాల మొత్తం రూ.6,350. నా పని ఖర్చు దీనికి వేరు. కొత్త ఆల్-ఇన్-వన్‌కు దీనికి ఎన్నో రెట్లు పెట్టాలి, పెట్టినా అను ఫైళ్ల సమస్య అలాగే ఉండేది.

ఈ లెక్క ఎప్పుడు తిరగబడుతుందో కూడా ఆవిడకు రాసి ఇచ్చాను. తెర ప్యానెలు పోతే, అదే నంబరు ప్యానెలు పాత యంత్రం నుంచి చౌకగా దొరికితే తప్ప మార్చవద్దు. తెరను బోర్డుకు కలిపే ఎల్‌వీడీఎస్ కేబులు పిన్నులు, బ్యాక్‌లైటు వోల్టేజీ కలవని ప్యానెలు బోర్డును కాల్చగలదు. బోర్డే పోతే, విండోస్ 7 ఇమేజిని వేరే మూడో తరం డెస్క్‌టాప్‌లో లేపే ప్రయత్నం చేయాలి గాని, ఈ డొక్కకు బోర్డు వెతకడం మీద డబ్బు పెట్టకూడదు. ఇమేజి ప్రతులు రెండు వేరు వేరు బయటి డిస్కులలో ఉంచాను. ఒకటి ఆవిడ దగ్గర, రెండోది ఆవిడ అన్నయ్య ఇంట్లో, సీతమ్మధారలో. కొత్త కార్డులన్నింటికీ పేజ్‌మేకర్ ఫైలుతో పాటు పీడీఎఫ్ కూడా దాచమని, పాత వాటిలో మళ్లీ మళ్లీ పనికొచ్చే శ్లోకాలు, ఆహ్వాన వాక్యాలను తీరికప్పుడు యూనికోడ్‌లోకి మార్చి పెట్టుకోమని చెప్పాను. అను ఏర్పాటు ఎంత గట్టిగా నిలబెట్టినా, ఆ అక్షరాలు ఒక్క యంత్రం మీద ఆధారపడి ఉండడం నాకు ఇప్పటికీ బాధగానే ఉంది.

వర్షాకాలం గడిచి మార్గశిరం పని ఊపందుకోకముందు వెళ్లి చూశాను. ఖాళీగా ఉష్ణోగ్రత 44 నుంచి 47కి పెరిగింది. రేకుల ముఖం మీద నల్లని పొడి పలచగా మళ్లీ మొదలైంది, ఇంకా అంటుకుపోలేదు కాబట్టి బ్రష్షుకే వచ్చేసింది. ఫ్యాను బేరింగులో సన్నని గరగర మొదలైంది. దాని వెనుక ముద్రించిన నంబరు, నాలుగు తీగల వరస రాసుకుని, అదే రకం ఫ్యానుకు చెప్పి ఉంచాను. అది దొరికేదాకా 70 డిగ్రీలు దాటితే కబురు చేయమని, మింట్‌లో ఉష్ణోగ్రత అంకె పైన కనిపించేలా పెట్టి వచ్చాను.